ఉద్దానం ఎండలో, ఒక మండల విలేఖరి వెంట

పలాసలో రైలు దిగిన మనిషికి ఊరు ముందు ముక్కుకే తెలుస్తుంది. జీడి పిక్కలు ఉడుకుతున్న వాసన, మాడిన తొక్కల నూనె వాసన, వాటి మీద మే నెల ఉక్క. పొద్దున్న తొమ్మిదైనా కాలేదు, చొక్కా వీపుకి అంటుకుపోయింది. వచ్చే దారిలో నౌపడ దగ్గర ఉప్పు మడులు తెల్లగా మెరుస్తుంటే, ఈ ఎండకి సంతోషించేవాళ్ళు జిల్లాలో ఉప్పు రైతులొక్కరేనేమో అనుకున్నాను. అదీ నిజం కాదు. మడిలో నిలబడి ఉప్పు లాగే మనిషికి ఎండ పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా తగులుతుంది.

నేను వచ్చింది వాతావరణ మార్పు, ప్రజారోగ్యం అనే రెండు పెద్ద మాటల కోసం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చుని, అంతర్జాతీయ నివేదిక ఒకటి ముందేసుకుని వెయ్యి మాటలు రాసెయ్యవచ్చు. అందులో ధ్రువపు ఎలుగుబంటి ఉంటుంది, శ్రీకాకుళం జిల్లా ఉండదు. అందుకే ఒక మండల విలేఖరిని బతిమాలి, ఆయన బండి వెనక కూర్చుని ఉద్దానం తిరిగాను. పేరు రాయొద్దన్నాడు కాబట్టి తమ్ముడనే అంటాను. అచ్చయిన వార్తను కొలిచి డబ్బులిచ్చే పద్ధతిలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నవాడు. బతుకుతెరువుకి జిరాక్సు షాపు ఉంది.

ఆ షాపులో ఒక ప్లాస్టిక్ సంచి నిండా ఆయన వార్తల కత్తిరింపులు. తీసి టేబులు మీద పోశాడు. వడదెబ్బకి ఉపాధి కూలీ మృతి, నాలుగు లైన్లు. మబ్బులకి జీడి పూత మాడింది, అయిదు లైన్లు. కిడ్నీ వ్యాధితో మరొకరు, మూడు లైన్లు. బోరు అడుగంటింది, ట్యాంకరు రాలేదు, ఒక ఫోటో. అన్నీ ఒకే మండలం, కొన్ని ఒకే వారం. కానీ పత్రికాఫీసులో ఇవి వేరువేరు బల్లల మీదికి పోతాయి. ఒకటి వ్యవసాయం, ఒకటి ఆరోగ్యం, ఒకటి ప్రమాదాల కింద. మన భాషలో వాతావరణ మార్పు మీద రాతలు లేవని సభల్లో వాపోతుంటారు. బోలెడన్ని ఉన్నాయి, జిల్లా పేజీల్లో సింగిల్ కాలముల్లో పడి ఉన్నాయి. కలిపి కుట్టినవాళ్ళు లేరు. కుట్టేటప్పుడు లేని దారం వెయ్యకూడదన్నది ఇంకో సంగతి, దానికి తర్వాత వస్తాను.

ముందు జీడి బట్టీ. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్ళలో ఈ పరిశ్రమ లేని వీధి తక్కువ. ఆవిరి పట్టి పిక్కను ఉడికిస్తారు, ఆరబెడతారు, కోస్తారు, పప్పుని వేడిగదిలో పెట్టి పైపొర ఒలుస్తారు. పొర ఒలిచేదీ, రకాలు ఏరేదీ దాదాపు అందరూ ఆడవాళ్ళే. రేకుల కప్పు. పప్పు ముక్కలు ఎగిరిపోతాయనో ఏమో, వాళ్ళున్న వైపు ఫ్యాను తిరగడం లేదు. బయట నీడలో కంటే లోపల వేడి ఎక్కువ. వాతావరణ శాఖ కొలిచేది బయటి ఎండని, అదీ గాలి తగిలే తెల్లపెట్టెలో నీడన పెట్టిన ఉష్ణమాపకంతో. రేకుల కింద కూర్చున్న మనిషి ఏ బులెటిన్లోనూ ఉండదు.

ఒకామెని అడిగాను, నీళ్ళు ఎన్నిసార్లు తాగుతావమ్మా అని. నవ్వింది. "తాగితే లెగాల కదా బాబూ. లెగిస్తే పని ఎవులు సేస్తారు? ఎల్లడానికి సోటెక్కడుంది?" కిలోల లెక్కన కూలి. మరుగుదొడ్డి దూరం. దాహాన్ని ఆపుకోవడం ఆమెకి అలవాటు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలకి వెళ్ళే రక్తం తగ్గుతుంది. రోజూ కొంచెం కొంచెంగా, ఏళ్ళ తరబడి అలా జరిగితే ఏమవుతుందన్నదే ఇప్పుడు ప్రపంచంలో చాలామంది వైద్యులు తలలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న.

కాశీబుగ్గ దాటి తోటల్లోకి మళ్ళితే ఇంకో లోకం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మహేంద్రగిరి నీలి వరస, నడుమ ఇసుక నేల మీద కొబ్బరి, జీడి, పనస. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస మండలాల పల్లెలన్నీ కలిపి ఉద్దానం. పనస చెట్టు మొదలు దగ్గరే కాయలు వేలాడుతుంటాయి, వంగి ముట్టుకోవచ్చు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కోనసీమ అంటారు. ఇక్కడివాళ్ళకి ఆ పోలిక నచ్చదు, నాకూ నచ్చదు. కోనసీమకి గోదావరి కాలువలున్నాయి. వీళ్ళకి బావి, బోరు, ఆకాశం.

ఆ తోటల్లో మధ్యమధ్య బోసిగా కనబడే జాగాలు 2018 నాటివి. ఆ ఏడాది అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకి దగ్గర్లోనే తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు, ఆపైన విసురు 165 దాకా. కొబ్బరి చెట్లు నడుముకి విరిగాయి, జీడి చెట్లు వేళ్ళతో లేచాయి. నష్టాన్ని చెట్ల లెక్కనా, రూపాయల లెక్కనా కట్టారు. మందస వైపు ఒక ముసలమ్మ నాకు వేరే లెక్క చెప్పింది. జీడి పళ్ళు ఏరేది మార్చి నుంచి మే దాకా. పాత జీడి చెట్టు కిందికి కొమ్మలు పరుచుకుని పందిరిలా ఉంటుంది, వంగి ఏరేవాళ్ళ మీద ఎండ పడదు. "సెట్టు పోతే డబ్బులిచ్చినారు. నీడకెవులిచ్చినారు?" అంది. కొత్తగా వేసిన మొక్కలు ఎదిగాయి, కాస్తున్నాయి కూడా. కానీ ఆ పరుపు నీడ రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. తుపాను నష్టం వార్త అక్టోబరులోనే ఆగిపోయిందనుకుంటాం. అది ప్రతి ఏప్రిల్‌లోనూ ఆమె వీపు మీద నడుస్తోంది.

తమ్ముడు బండి ఆపి ఆ మాట చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇది నాకు తట్టలేదన్నా అన్నాడు.

ఇక ఉద్దానం పేరెత్తగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చే జబ్బు సంగతి. మూత్రపిండాలు నెమ్మదిగా కుంచించుకుపోతాయి. చాలామందికి షుగరు ఉండదు, బీపీ కూడా మొదట ఉండదు, కాళ్ళవాపూ కనబడదు. తెలిసేసరికి ముదిరిపోయి ఉంటుంది. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి ఇక్కడి పల్లెల నుంచి వరసగా వస్తున్న రోగుల్ని గమనించిన డాక్టర్ టి. రవిరాజు వంటి మూత్రపిండాల నిపుణులు దీని వెంటపడ్డారు. ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసిన అధ్యయనాల్లో పెద్దవాళ్ళలో దాదాపు అయిదుగురిలో ఒకరికి మూత్రపిండాల జబ్బు ఉన్నట్టు తేలింది. కారణం మాత్రం ఇదీ అని తేలలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఒళ్ళునొప్పులకి మింగే బిళ్ళలన్నారు, వంశంలో ఉందన్నారు, ఎండ అన్నారు.

ఊళ్ళోకి వెళ్ళి అరుగు మీద కూర్చున్నామో లేదో ఒక పెద్దాయన ముంత పట్టుకుని లోపలికి వెళ్ళాడు. తాగడానికి ఇస్తాడనుకున్నాను. "ఏటి బాబూ, సీసా తెచ్చినావా? నీళ్ళు పట్టుకెల్తావా, మూత్రమా?" అని అడిగాడు. ఎంతమంది ఎన్ని సీసాలు పట్టుకెళ్ళారో ఆయన లెక్కపెట్టడం మానేశాడు. ఫలితం చెప్పడానికి తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ. రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉందని ఇక్కడ ఒకరినొకరు పలకరించుకున్నట్టుగా అడుగుతారు. రెండు దాటిందంటే పెళ్ళి సంబంధాల దాకా మాట పోతుంది.

ఎండ అనే అనుమానానికి బలం దూరం నుంచి వచ్చింది. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకు తోటల్లో మండుటెండలో కోత కోసే కుర్రవాళ్ళకి, షుగరూ బీపీ లేకుండానే, మూత్రపిండాలు చెడిపోతున్నాయని 2002 నుంచీ వైద్య పత్రికలు రాస్తున్నాయి. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతుల్లోనూ ఇలాంటిదే. మధ్య అమెరికా తోటల్లో నీళ్ళు, విరామం, నీడ మూడూ క్రమం తప్పకుండా ఇచ్చి చూస్తే కోత కార్మికుల మూత్రపిండాలకి తగిలే దెబ్బ తగ్గింది. ఈ మాట చదివిన నాలాంటివాడికి వెంటనే శీర్షిక తడుతుంది: భూతాపం కాటేసిన ఉద్దానం.

ఆ శీర్షిక పెట్టకూడదు. అదే ఎండ కోస్తా అంతా కాస్తుంది. ఈ ఊళ్ళలోనే ఇంత గట్టిగా ఎందుకు పట్టుకుందో ఎండ ఒక్కటే చెప్పలేదు. సముద్రానికి దూరంగా కృష్ణా వైపు ఎ.కొండూరు తండాల్లోనూ మూత్రపిండాల జబ్బు ఉంది, అక్కడి నేల వేరు, నీరు వేరు. ఒకే ఒక్క దోషిని పట్టి ఇవ్వాలన్న ఆత్రం విలేఖరులది. రోగం అలా నడవదు. రుజువు కానిదాన్ని రుజువైనట్టు రాస్తే మొదట నష్టపోయేది ఈ అరుగు మీద కూర్చున్న పెద్దాయనే. రేపు ఇంకో పరిశోధన ఇంకోటి చెబితే, మొన్న రాసిందంతా అబద్ధమేనని ప్రభుత్వాలకి తప్పించుకునే దారి దొరుకుతుంది.

పోనీ కారణం తేలేదాకా రాయడానికేమీ లేదా? ఉందని నాకు తెలిసింది ఒక డయాలసిస్ రోగి ఇంట్లో.

ఒకప్పుడు కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపిన మనిషి. వారానికి మూడుసార్లు ఆటోలో వెళ్ళి, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకుని వస్తాడు. కిటికీలో అరలీటరు సీసా ఉంది. పొద్దున్న నింపుతాడు, పడుకునేదాకా అదే. చోడంబలి తాగితే అదీ ఆ లెక్కలోకే, టీ అయినా అంతే. మూత్రం రాని మనిషి తాగిన నీళ్ళు ఎటూ పోవు, ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తుల్ని ముంచుతాయి. అందుకని లెక్క. వేసవిలో పదకొండు గంటలకే సీసా సగం దాటిపోతుందని చెప్పాడు. ఐసుముక్క నోట్లో పెట్టుకుని చప్పరిస్తాడు. ఎండుచేప వాసన వస్తే తలుపు వేసుకుంటాడు, ఉప్పు తింటే దాహం ఆగదు.

మేం మాట్లాడుతుండగానే ఆయన కొడుకు ఫోనుకి విపత్తుల నిర్వహణ సంస్థ సందేశం వచ్చింది. మండలంలో వడగాలులు వీచే అవకాశం, బయటికి వెళ్ళొద్దు, నీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఓఆర్ఎస్ ఎక్కువగా తాగండి అన్న సారాంశం. మండలాల వారీగా ముందే హెచ్చరించడం మంచి పద్ధతి, దాన్ని తప్పుపట్టను. కానీ ఈ ఇంట్లో ఆ సలహా పాటిస్తే ప్రాణం మీదికి వస్తుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. ఓఆర్ఎస్‌లోనూ ఉంటుంది. పనిచెయ్యని మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. పనస, అరటి అన్నిటికీ అదే అడ్డం.

"ఎన్నేల కాయలు దింపినానో ఈ సేతుల్తో," అన్నాడాయన పెరట్లో చెట్టు వైపు చూపిస్తూ. "ఉప్పుడా నీళ్ళు నాకు ఇసం."

ఆ ఊరి ఆశా కార్యకర్తని అడిగాను, ఇలాంటి ఇళ్ళకి వెళ్ళినప్పుడు వడదెబ్బ గురించి ఏం చెబుతారని. మధ్యాహ్నం నేల మీద తడిగుడ్డ పరుచుకుని పడుకోమంటుందట, ఒళ్ళు తుడుచుకోమంటుందట, ఎన్ని నీళ్ళు తాగాలో డయాలసిస్ నర్సునే అడగమంటుందట. "ఇలా చెప్పమని కాయితంలో లేదు సార్. నేనే చెప్తున్నాను," అంది. ఆ మాట అంటున్నప్పుడు తప్పు చేసినట్టు అటూ ఇటూ చూసింది. రాష్ట్రంలో వడగాలి హెచ్చరిక రాసేవాళ్ళు ఆమె దగ్గర ఒక పూట కూర్చోవాలి.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. డయాలసిస్ కేంద్రాలు ఊళ్ళకి దగ్గరగా వచ్చాయి, రోగులకి పింఛను వస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళు గొట్టాల్లో పంపే 700 కోట్ల రూపాయల పథకమూ అప్పుడే ప్రారంభించారు. కుళాయి నీళ్ళు వచ్చినచోట జనం బోరు నీళ్ళు మానేస్తున్నారు. కొందరు మాత్రం రుచి లేదని పాత బావికే వెళ్తున్నారు, అది అలవాటు, ఒక్క ఏడాదిలో పోదు. అయితే ఒక్కొక్క డయాలసిస్‌కీ దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్ళు కావాలి, ఆగని కరెంటు కావాలి. తిత్లీ తర్వాత ఈ పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరికలో పడవల్ని ఒడ్డుకి చేర్చమంటారు. యంత్రం మీద బతికేవాళ్ళని ఎక్కడికి చేర్చాలో కూడా అందులో ఉండాలి.

సోంపేట వైపు వెళ్తూ తమ్ముడు బీల దగ్గర బండి ఆపాడు. వేసవిలోనూ తడి ఆరని పల్లపు నేల, తుంగ, దూరంగా గేదెలు, కొంగలు. ఇక్కడ బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వస్తుందంటే చుట్టుపక్కల రైతులూ మత్స్యకారులూ ఎదురు తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. విద్యుత్ కేంద్రం రాలేదు. అప్పుడు వాళ్ళు వాతావరణ మార్పు అన్న మాట వాడినట్టు నాకెవరూ చెప్పలేదు. బీల పోతే చేను ఎండుతుంది, బావి ఎండుతుంది, చేప పోతుంది అన్నారు, అంతే. వేడి పెరుగుతున్న కాలంలో ఒక ఊరికి నీళ్ళ చెమ్మ ఉన్న నేల ఎందుకు కావాలో శాస్త్రం చెప్పేదానికీ ఆ మాటకీ తేడా ఏమీ లేదు. అక్కడ గాలి నిజంగానే కాస్త మెత్తగా తగిలింది. ఆ దగ్గర్లో తాటిముంజలు అమ్ముతున్న కుర్రాడి దగ్గర చెరో రెండు తిన్నాం, బారువ తీరం దాకా వెళ్ళి ఉప్పుగాలిలో ఇంకాస్త చెమట పట్టించుకుని వచ్చాం.

చెమట అంటే గుర్తొచ్చింది. రామగుండంలో 45 డిగ్రీలంటే రాష్ట్రాలు రెండూ ఉలిక్కిపడతాయి. ఉద్దానంలో 38 అంటే ఎవరికీ వార్త కాదు. కానీ సముద్రపు గాలిలో తేమకి చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు గీత పెడితే, తీరానికి 37 పెట్టింది, మామూలు కంటే ఎంత ఎక్కువన్నది కూడా చూస్తుంది. మన పేజీల్లో మాత్రం ఎక్కడ ఎక్కువ అంకె ఉంటే అక్కడే పతాక శీర్షిక.

చావుల లెక్క ఇంకా చిక్కు. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,369 మంది వడదెబ్బకి పోయారని అధికారిక లెక్క. వడదెబ్బ చావని తేల్చాలంటే తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కలిసి ధ్రువీకరించాలి. పొలంలో కుప్పకూలిన కూలీ ఆ కాగితంలోకి ఎక్కితే ఎక్కుతాడు. వడగాలి రోజున ఇంట్లో ఊపిరాడక పోయిన కిడ్నీ రోగి ఎక్కడు. ఆయన కిడ్నీ లెక్కలోనే ఉంటాడు. తమ్ముడి సంచితో మేం ఒక పని చేశాం: కిడ్నీ చావుల కత్తిరింపుల మీది తేదీలూ, వడగాలి వార్తల తేదీలూ పక్కపక్కన పేర్చాం. కొన్ని కలిశాయి, కొన్ని కలవలేదు. ఇంత కొద్ది కాగితాలతో ఏదీ చెప్పలేం. కానీ ఆసుపత్రుల రికార్డులు పట్టుకుని ఎవరైనా చెయ్యగలిగిన పనే ఇది.

తిరుగు దారిలో ఒక డయాలసిస్ కేంద్రం బయట వేపచెట్టు కింద నిలబడ్డాం. పన్నెండు కావస్తోంది. మొదటి విడత వాళ్ళు పొద్దున్నే వచ్చి, పూర్తిచేసుకుని బయటికి వస్తున్నారు. ఒళ్ళు తూలుతూ మిట్టమధ్యాహ్నం ఆటో ఎక్కుతున్నారు. రెండో విడత వాళ్ళు అదే ఎండలో వచ్చి దిగుతున్నారు. డయాలసిస్ అయిన వెంటనే రక్తపోటు పడిపోవచ్చు, ఆ మనిషికి ఎండలో ఇరవై కిలోమీటర్ల ఆటో ప్రయాణం. కూర్చోవడానికి ఆ వేపచెట్టు తప్ప చలువ పందిరి లేదు. రోగులు ఎవరూ దాని మీద ఫిర్యాదు చెయ్యలేదు, మంచం దొరకడమే గొప్ప అన్నారు. ఒక ఆటో అబ్బాయి మాత్రం, "మే నెల్లో మొదటి ఇడత మూడింటికే ఎట్టేస్తే పదింటికల్లా ఇల్లు సేరిపోరా?" అన్నాడు. ఏ పరిశోధన సంస్థా అడగని ప్రశ్న అది. కారణం తేలనక్కర్లేకుండా జవాబు చెప్పగలిగిన ప్రశ్న కూడా.

తమ్ముడు విడతల వేళలు రాసుకున్నాడు, ఎవరెవరు ఏ ఊరి నుంచి ఎంత దూరం వస్తారో రాసుకున్నాడు. షాపుకి వెళ్ళి డెస్కుకి ఫోను చేశాడు. అటు నుంచి మొదటి మాట, "ఎవరైనా పోయారా?" అని.

"లేదు సార్. పోకముందే రాద్దామని."

"అయితే రేపు చూద్దాం, పేజీ నిండిపోయింది."

రేపు కూడా రాలేదు. నేను హైదరాబాదు చేరాక ఆయనే ఫోటో తీసి పంపాడు. రెండు కాలములు వేశారు. విడతల వేళల పట్టిక ఎత్తేశారు, ఆటో అబ్బాయి మాట ఎత్తేశారు. వడగాలి రోజున కిడ్నీ రోగులు కొబ్బరినీళ్ళు, ఓఆర్ఎస్ తాగకూడదన్న పెట్టె మాత్రం ఉంచారు, పక్కన ఆశా కార్యకర్త చెప్పిన తడిగుడ్డ సలహా కూడా. కొలత ప్రకారం తనకి ఎంత వస్తుందో లెక్కేసి, పట్టిక ఉండి ఉంటే ఇంకో అరవై రూపాయలు వచ్చేవన్నా అని నవ్వాడు. వేళల సంగతి ఆసుపత్రి వాళ్ళకి అర్జీగా రాసి ఇద్దామా అన్నాను. అప్పటికే జిరాక్సులు తీసి ఉంచానన్నాడు.